వడపోతా, శుద్ధీకరణా?

సందేహం: రక్తదాన శిబిరం పోస్టర్ మీద "ప్లాస్మాను వడపోసి ఆల్బుమిన్ తీస్తారు" అని రాశాను. మా సార్ దాన్ని "ఆల్బుమిన్ శుద్ధీకరించబడుతుంది" అని దిద్దారు. ఏది ఒప్పు? – డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ సార్ రాసిన 'శుద్ధి' ఒప్పే. ఆ 'బడుతుంది' ఎందుకు? 'శుద్ధి చేస్తారు' అంటే తెలుగు కాకుండా పోతుందా?

గుడ్డతోనో జల్లెడతోనో చేసేది వడపోత. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా నుంచి ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను తీయడంలో అసలు పని అది కాదు. 1940లలో హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ బృందం రూపొందించిన పద్ధతిలో ప్లాస్మాను సున్నా డిగ్రీల కిందికి చల్లార్చి, ఆల్కహాల్ పెంచుతూ, ఆమ్లత్వం మారుస్తూ పోతారు. ఒక్కో దశలో ఒక్కో ప్రోటీన్ విరిగి అడుగుకు దిగుతుంది. 8 శాతం ఆల్కహాల్ దగ్గరే రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ దిగిపోతుంది. ఆల్బుమిన్ మాత్రం దాదాపు 40 శాతం దాకా పైన తేటలోనే ఉంటుంది.

'తేట' అన్నాను కదా, దాని క్రియ 'తేఱు'. ఇక్కడ ఉన్నది బండి ఱ. రథమనే 'తేరు'కు మామూలు ర. బండి ఱను పాఠ్యపుస్తకాల నుంచి గెంటేశాక పిల్లలకు ఈ రెండూ ఒకటే అయిపోయాయి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. తెలి, తెల్ల, తెలియు కూడా ఈ ఇంటి మాటలే. వానకాలం చెరువు నీళ్లు తెచ్చి, బిందె లోపల చిల్లగింజ అరగదీసి, మన్ను దిగాక "నీళ్లు తేరినయి" అనేవారు మన పల్లెల్లో. ఆ గింజను తమిళులు 'తేత్తాన్ కొట్టై' అంటారు. ధాతువు ఇదే! రోగి తేరుకున్నాడన్నా ఇదే క్రియ. జానుతెనుగు, అంటే జనం మాట్లాడే సరళమైన తెలుగు, అందరికీ సామాన్యమని బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు పాల్కురికి సోమనాథుడు. ఆయన ఊరు పాలకుర్తి మీకు దూరమేం కాదు. పోస్టర్‌కు కావలసింది ఆ తెలుగే.

అయినా 'తేర్చి తీస్తారు' అని రాస్తే ఇవాళ్టి పాఠకుడు తికమకపడవచ్చు. పైగా ప్లాస్మాలోనే ఉండే రోగనిరోధక ప్రోటీన్లను, అంటే ఇమ్యునోగ్లోబులిన్లను, తీసేది తేటలోంచి కాదు, కింద దిగిన ముద్దలోంచి. వాటిలో వైరస్‌లు మిగలకుండా చాలాచోట్ల అతి సన్నని జల్లెడలోంచి నిజంగానే వడపోస్తారు కూడా. కాబట్టి మీ మాటను పూర్తిగా తప్పనలేను. ప్రస్తుతానికి "ప్లాస్మా నుంచి ఆల్బుమిన్‌ను వేరుచేసి శుద్ధి చేస్తారు" అనండి. 'రక్తశుద్ధి' అని మాత్రం రాయకండి, అది వేరే సంగతి.