సీప్లేన్ మోడల్‌లో ఫ్లోట్లు వంకర పోతున్నాయా? పడవ దగ్గర్నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్న చదవగానే నా మొదటి ఆరాడో 196 (రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ సీప్లేన్) గుర్తొచ్చింది. మీరు 1/72 స్కేల్‌లో, అంటే అసలుకి 72వ వంతు సైజులో, రెండు ఫ్లోట్ల విమానం మొదలుపెట్టారు, ఫ్లోట్లు (చక్రాల బదులు విమానాన్ని నీళ్ల మీద తేల్చే పడవలాంటి భాగాలు) ఎంత జాగ్రత్తగా అతికించినా తెల్లారేసరికి ఒకటి వాలిపోతోంది, రెక్కలూ ఫ్లోట్లూ బిగించి పట్టే తీగలు ఎలా కట్టాలో తెలీట్లేదు, అన్నీ అయ్యాక కూడా బొమ్మలా కాకుండా నీళ్లలో తిరిగిన విమానంలా కనిపించాలంటే ఏం చెయ్యాలి అని కదా మీరు అడిగింది. సరిగ్గా ఈ మూడు చోట్లే నేనూ దెబ్బతిన్నాను, పదేళ్ల పైనే ఇవే కడుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మామూలు విమానం కట్టేటప్పుడు మనం కాక్‌పిట్ దగ్గర మొదలుపెట్టి చివర్లో చక్రాలు తగిలిస్తాం, ఆ అలవాటుతోనే సీప్లేన్‌కి కూడా ఫ్లోట్లని చక్రాల్లా చివర్లో తగిలించేస్తాం, తప్పంతా అక్కడే జరుగుతుంది. ఇది ముందు పడవ, తర్వాతే విమానం. అందుకే జిగురు మూత తియ్యకముందే ఒక్క విషయం తేల్చుకోండి, ఇది చివరికి ఎక్కడ ఉండబోతోంది? ఒడ్డున ట్రాలీ మీదా, నీళ్ల మీదా, లేక ఓడ మీద కాటపుల్ట్ (విమానాన్ని విసిరి ఎగరేసే యంత్రం) పైనా? నీళ్ల మీద పెడితే ఫ్లోట్ అడుగు ఎవరికీ కనపడదు, ట్రాలీ మీద పెడితే అందరూ ముందు చూసేది ఆ అడుగే. మురికి ఎక్కడ వెయ్యాలి, ప్రొపెల్లర్ తిరగాలా ఆగాలా, పైలట్ లోపలుండాలా ఫ్లోట్ మీద తాడు పట్టుకుని నిలబడాలా, అన్నీ దాన్ని బట్టే.

ఫ్లోట్ అడుగున మధ్యలో ఒక మెట్టు ఉంటుంది చూడండి, అది ఊరికే పెట్టింది కాదు. విమానం నీళ్ల మీద పరిగెత్తేటప్పుడు నీళ్లు అడుగుకి అతుక్కుని వదలవు, ఆ మెట్టు దగ్గర గాలి దూరి నీళ్లు విడిపోతాయి, అలా విడిపోబట్టే అది పైకి లేవగలుగుతుంది. అంటే ఆ మెట్టు అంచు, పక్కన పొడుగునా వచ్చే అంచు, కింద వెన్నులాంటి కీల్ గీత, ఈ మూడూ పదునుగా ఉండాలి. మనమేమో రెండు సగాలు అతికించి అతుకు పోవాలని శాండ్ పేపర్ పెట్టి రుద్దుతాం, అతుకుతో పాటు కీల్ కూడా గుండ్రంగా అయిపోయి ఫ్లోట్ సబ్బుబిళ్లలా తయారవుతుంది. నేను చేసేదేంటంటే అతుక్కి రెండు వైపులా మాస్కింగ్ టేప్ రెండేసి పొరలు వేసి, మధ్యలో సన్నగా సూపర్ గ్లూ నింపి, పూర్తిగా రాయిలా గట్టిపడక ముందే బ్లేడు వీపుతో గీకుతాను, టేప్ తీశాక చివర్లో మాత్రమే చెక్క ముక్కకి అంటించిన సన్న పేపర్‌తో రెండు మూడు సార్లు లాగుతాను, వేలితో పట్టుకుని అస్సలు రుద్దను. పుట్టీ ఆరాక కుంగుతుంది, పొడుగాటి అతుకు మీద ఆ కుంగుడు గీతలా తేలుతుంది, అందుకే ఫ్లోట్లకి నేను పుట్టీ మానేశాను. తర్వాత మిస్టర్ సర్ఫేసర్ అనే ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే పూత) ఒక పొర కొట్టి లైటు పక్కనుంచి పడేలా పట్టుకుని చూస్తే మిగిలిన లోపాలన్నీ బయటపడతాయి.

ఇప్పుడు వాలిపోవడం సంగతి. 1/72 లో మీ ఫ్లోట్ ఒక మిల్లీమీటరు పక్కకి పోయిందంటే అసలు విమానంలో అది 7 సెంటీమీటర్ల పైనే, అందుకే కంటికి అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్లాస్టిక్ సిమెంట్ అనే మోడల్ జిగురు ప్లాస్టిక్‌ని కరిగించి అతికిస్తుంది కదా, పైకి పట్టుకున్నట్టే ఉంటుంది గానీ లోపల అతుకు గంటల తరబడి మెత్తగానే ఉంటుంది, పైన విమానం బరువంతా ఫ్లోట్లని విమానానికి కలిపే ఆ సన్న కాళ్ల మీద పడితే రాత్రంతా మెల్లగా జారుతూ ఉంటుంది. నా ఆరాడోకి కూడా అదే జరిగింది, పడుకునేముందు తిన్నగా ఉన్నది పొద్దున చూస్తే ముందునుంచి ఒక ఫ్లోట్ లోపలికి తిరిగిపోయి ఉంది, విడదీయబోతే రెండు కాళ్లు విరిగాయి.

అప్పట్నుంచి జిగ్ లేకుండా ఒక్క ఫ్లోట్ కూడా అతికించలేదు. జిగ్ అంటే పెద్ద పరికరం ఏం కాదండి, విమానం ముందునుంచి కనిపించే బొమ్మని మీ స్కేల్‌కి ప్రింట్ తీసి మందపాటి అట్ట మీద అంటించి, ఫ్లోట్ అడుగు ఆకారంలో రెండు గాట్లు కొయ్యాలి, అలాంటిదే ఇంకొకటి వెనక భాగానికి. ఈ రెండు అట్టల్నీ ఒక చదునైన పలక మీద నిలబెట్టి ఫ్లోట్లని వాటిలో కూర్చోబెట్టండి. మొదట రెండు ఫ్లోట్లనీ కలిపే అడ్డకడ్డీలు మాత్రమే అతికించి ఒక రోజంతా వదిలెయ్యాలి, ముట్టుకోకూడదు. రెండో రోజు కాళ్లు, మూడో రోజు విమానాన్ని తలకిందులుగా పెట్టి ఫ్లోట్ల సెట్టుని దాని మీదకి దించాలి, అప్పుడు బరువు కాళ్ల మీద పడదు. కాళ్ల చివర్లో 0.5 మిల్లీమీటర్ల డ్రిల్‌తో కన్నం చేసి ఇత్తడి తీగ ముక్క గుచ్చితే ఇంక అది ఎటూ కదలదు. పని ఎక్కువే, కానీ ఈ ఒక్కచోట మాత్రం తొందరపడొద్దని చేతులు పట్టుకుని మరీ చెప్పాలనిపిస్తుంది నాకు. ముందునుంచి, పైనుంచి, వెనకనుంచి మూడు ఫోటోలు తీసి ఫోన్‌లో చూడండి, కంటికి చిక్కని వంకర ఫోటోలో దొరుకుతుంది.

ఇక్కడే ఇంకో మాట, వంకరగా ఉన్నదల్లా తప్పు కాదు. సూపర్‌మెరీన్ వాల్రస్ అనే బ్రిటిష్ ఎగిరే పడవ కడితే ఇంజన్ డబ్బా మధ్యగీతకి 3 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటుంది, అసలు విమానంలోనే అంత, ప్రొపెల్లర్ వెనక్కి తోసే సుడిగాలి తోకని ఒక పక్కకి నెట్టకుండా అలా పెట్టారు. అది కిట్ తప్పనుకుని సరిచేశారంటే మంచిదాన్ని పాడుచేసినట్టే.

నీళ్ల మీద పెట్టాలనుకుంటే ఫ్లోట్ ఎంత మునగాలి అన్నది చాలామంది ఊహించి పెట్టేస్తారు, ఊహించక్కర్లేదు. అమెరికా సివిల్ విమానాల రూల్స్‌లో మెయిన్ ఫ్లోట్లు విమానం పూర్తి బరువు మొయ్యడానికి కావాల్సిన దానికంటే 80 శాతం ఎక్కువ తేలే శక్తితో ఉండాలి, అంటే లెక్క వేస్తే నిండు బరువుతో ఉన్నప్పుడు ఫ్లోట్ సగానికి కొంచెం పైన మునుగుతుంది. యుద్ధకాలపు విమానాలకి కూడా నేను ఇదే అంచనాతో మొదలుపెట్టి ఫోటోలు చూసి సరిచేసుకుంటాను. ఫ్లోట్ మొత్తం పైన తేలుతున్నట్టు పెడితే అది బరువు లేని బొమ్మ అని చూడగానే తెలిసిపోతుంది. ఇంకోటి, సీప్లేన్‌కి బ్రేకులుండవు, ఇంజన్ తిరిగితే అది కదులుతుంది, అంతే. కాబట్టి ప్రొపెల్లర్ తిరుగుతున్నట్టు చూపిస్తే వెనక నురుగు ఉండాలి, లేదా తాడు బిగుసుకుని ఉండాలి. అలల సైజు కూడా చూసుకోండి, నిజంగా 30 సెంటీమీటర్ల అల 1/72 లో 4 మిల్లీమీటర్లే, దానికంటే ఎత్తు పెడితే మీ చిన్న విమానం తుఫానులో ఉన్నట్టు ఉంటుంది.

నీళ్లకి ఎపాక్సీ రెసిన్ వాడతారా? నేను కాటలీనా అనే ఎగిరే పడవకి (పొట్టతోనే నీళ్ల మీద తేలే విమానం) వాడాను, 1/72 లో దాని రెక్క 44 సెంటీమీటర్లు వస్తుంది, పెద్ద పెట్టె కావాల్సొచ్చింది, రెసిన్ కూడా ఎక్కువ కలిపి ఒకేసారి మందంగా పోసేశాను. రెసిన్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఎంత మందంగా ఉంటే అంత వేడి, నా విమానం పొట్ట ఒక పక్క మెత్తబడి వంగిపోయింది. దానికి తోడు పూర్తిగా మూయని ఒక అతుకులోంచి లోపలి గాలి బుడగలుగా పైకొచ్చి అలాగే ఉండిపోయాయి. నాలుగు నెలల పని, చూస్తూ ఉండిపోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను, ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే బాధేస్తుంది. కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పొరలు పొరలుగా పొయ్యండి, ఫ్లోట్ అతుకులన్నీ ముందే సీల్ చెయ్యండి. నన్నడిగితే సముద్రానికి రెసిన్ కంటే వేరే పద్ధతి మంచిది, ఫోమ్ మీద విమానం అడుగు ఆకారం కోసి, టిష్యూ పేపర్ని నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో ముడతలు ముడతలుగా అంటించి, ఆరాక ముదురు నీలి ఆకుపచ్చ రంగు వేసి, దాని మీద ఆరాక మెరిసే ఆక్రిలిక్ జెల్ (gloss gel) రెండు మూడు పొరలు. లోతు రెసిన్‌లో వస్తుంది నిజమే, కానీ సముద్రం పైనుంచి చూస్తే అంత పారదర్శకంగా ఎక్కడుంటుంది చెప్పండి.

తీగల గురించి త్వరగా చెప్పేస్తాను, భయపడినంత కష్టం కాదు. అసలు తీగ 6 మిల్లీమీటర్లు ఉంటే 1/72 లో అది 0.08 మాత్రమే, కాబట్టి సన్నదే వాడండి. గాలం వేసే నైలాన్ దారం బాగుంటుంది గానీ ఎక్కువ లాగితే రెక్కలు వంగుతాయి, మొదటిసారి అయితే ఈజీ లైన్ అనే సాగే దారం తీసుకోండి, చెయ్యి తగిలినా సాగి మళ్లీ బిగుసుకుంటుంది. రంగులన్నీ అయ్యాకే కట్టాలి, లోపలి తీగల నుంచి బయటికి రావాలి. ఫ్లోట్ల లోపలి వైపులకి అతికించాక బ్రష్ అందదు కాబట్టి వాటికి రంగు ముందే వేసి, అతుకు వచ్చే చోట మాత్రం టేప్ వేసి ఉంచుకోండి.

ఇక మురికి. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువ మంది తప్పు చేసేదీ ఇక్కడే. సముద్రం అనగానే తుప్పు అనుకుని ఫ్లోట్ల నిండా గోధుమరంగు పూసేస్తారు. ఇవి అల్యూమినియం అండి, దానికి ఎర్ర తుప్పు పట్టదు, ఉప్పునీటికి తెల్లటి పొడిలా పొక్కుతుంది, పెయింట్ లేస్తే కింద వెండి రంగు మెరుస్తుంది. ఎర్ర తుప్పు కావాలంటే ట్రాలీకి, ఇనప బోల్టులకి, లంగరు గొలుసుకి వెయ్యండి. రెండోది, ఆ విమానం బతుకు ఎలాంటిదో ఆలోచించండి. కింగ్‌ఫిషర్, ఆరాడో లాంటివి ఓడ మీద ఉండేవి, కాటపుల్ట్‌తో ఎగిరి, పని అయ్యాక నీళ్ల మీద దిగి క్రేన్‌తో పైకెక్కేవి, నీళ్లలో ఉండేది కొద్దిసేపే, వాటికి పాచి గీత పట్టే అవకాశమే లేదు, ఉప్పు ఆరిన తెల్ల చారలు, నూనె మరకలు, సిబ్బంది తొక్కిన చోట అరిగిన పెయింట్ ఉంటాయి. సండర్‌లాండ్, కాటలీనా లాంటి ఎగిరే పడవలు రోజుల తరబడి లంగరేసి నీళ్లలోనే ఉండేవి, వాటికి నీటి మట్టం దగ్గర సన్నగా పచ్చటి పట్టీ, దాని పైన వెలిసిన రంగు బాగా నప్పుతాయి. ఆ ఉప్పు చారలకి నేను తెల్లరంగు వాడను, లేత బూడిద ఆయిల్ పెయింట్ చుక్కలు పెట్టి తడి బ్రష్‌తో గాలి పోయే వైపు కాకుండా నీళ్లు కారే వైపు, అంటే కిందకి లాగుతాను, పైన మాత్రం ప్రొపెల్లర్ వెనక కొంచెం వెనక్కి. ముందు భాగం అడుగున, మెట్టు ముందు, పెయింట్ ఎక్కువ పోతుంది, నీళ్లు కొట్టేది అక్కడే.

మురికి నచ్చకపోతే రేసు సీప్లేన్లు కట్టండి, నిగనిగలాడుతూ ఉంటాయి. 1934 లో ఫ్రాన్సెస్కో అజెల్లో గంటకి 709 కిలోమీటర్లు నడిపిన ఎర్రటి మాక్కి ఎం.సి.72 ఉంది కదా, పిస్టన్ ఇంజన్ సీప్లేన్లలో ఆ రికార్డు ఇప్పటికీ ఎవరూ దాటలేదు, రెక్కల మీద ఇత్తడి రంగు రేడియేటర్లు, ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ఆ ఎరుపు మీద ఆ ఇత్తడి చూస్తే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. అన్నట్టు, ఆన్రీ ఫాబ్ర్ నీటి మీదనుంచి మొట్టమొదట ఇంజన్ విమానం లేపింది 1910 మార్చి 28న, కాటలీనా ప్రోటోటైప్ మొదటిసారి ఎగిరింది సరిగ్గా పాతికేళ్లకి, 1935 మార్చి 28న. నేను ప్రతి కొత్త సీప్లేన్ కిట్టూ వీలైతే ఆ రోజే తెరుస్తాను.

చేతిలో ఉన్నది మరీ విసిగిస్తుంటే దాన్ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, ముందు తమియా 1/48 రూఫే ఒకటి చెయ్యండి. జీరో అనే జపాన్ యుద్ధ విమానానికి చక్రాలు తీసేసి మధ్యలో ఒక పెద్ద ఫ్లోట్, రెక్కల కింద రెండు చిన్నవి పెట్టినదది, మధ్య ఫ్లోట్ ఒక్కటే కాబట్టి సమానంగా పెట్టే బాధ బాగా తక్కువ, తీగల గొడవ లేదు, కీల్ పదును నిలబెట్టడం మాత్రం బాగా అలవాటవుతుంది. అది అయ్యాక మీ రెండు ఫ్లోట్ల దాని దగ్గరికి రండి. వాలిపోయిన ఫ్లోట్‌ని ఇప్పుడే లాగి విరగ్గొట్టొద్దు, అతుకు దగ్గర సన్న బ్రష్‌తో పల్చటి సిమెంట్ రెండు మూడు సార్లు రాసి కాసేపు ఆగితే మెత్తబడి ఊడుతుంది. ఊడాక ప్రైమర్ కొట్టి అడుగు వైపునుంచి ఒక ఫోటో పెట్టండి, కీల్ ఎలా ఉందో చూసి జిగ్ కొలతలు ఎక్కడ తీసుకోవాలో చెప్తాను.