గోడలోని కేబుల్ పీకకండి, అదే మీ సాక్షి

ప్రశ్న: తెనాలిలో మా ఇంట్లోనే పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియో నడుపుతున్నాను. కింద స్టోరేజ్ సర్వర్, పై రెండు అంతస్తుల్లో ఎడిటింగ్ సిస్టమ్స్. నేనూ, ఇద్దరు కుర్రాళ్లూ పని చేస్తాం. మూడు అంతస్తుల నెట్‌వర్క్ స్విచ్‌లను (కంప్యూటర్లను కలిపే పెట్టెలను) కలపడానికి ఒక నెట్‌వర్కింగ్ ఆయనతో 2,84,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి 1,94,000 కట్టాను. ఫైబర్ అని చెప్పి రాగి వైరు లాగారు. 2024 ఆగస్టు 9న పని ముగించారు. 20 నెలలుగా ‘రేపొచ్చి మారుస్తా’ అంటున్నారు. ఫైళ్లు కాపీ కావడానికే గంటలు పడుతోంది. పెళ్లివారితో మాటలు పడలేక నిద్ర పట్టడం లేదు. గత నెల ఆయన వచ్చి గొడవ చేస్తే బాకీ 90 వేలకు వచ్చే నెల తేదీ వేసి చెక్కు ఇచ్చాను. ఆ చెక్కు ఆపేసి, కేబుల్ మొత్తం పీకించి, వేరేవాళ్లతో వేయించుకోమని మా బావగారు అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో కేసుకు పనికొచ్చేది తక్కువ. వాటికి జతచేసిన కొటేషన్‌లోని మూడో వరుస మాత్రం చాలా విలువైనది. ‘ఓఎం3 మల్టీమోడ్ ఫైబర్, 10జీ ఎస్‌ఆర్ మాడ్యూల్స్ – 4’ అని అందులో ఉంది. అంటే ఒక రకం ఫైబర్ కేబుల్, దాన్ని స్విచ్‌కు కలిపే, సెకనుకు 10 గిగాబిట్ల వేగం గల నాలుగు చిన్న ముక్కలు. స్విచ్‌లోంచి తీసి మీరు ఫొటో పంపిన మాడ్యూల్ లేబుల్ మీదేమో ‘1.25జీ, ఆర్‌జే45’ అని ఉంది, అంటే అది రాగి వైరుకు పెట్టే 1జీ మాడ్యూల్. రాసిచ్చింది ఒకటి, బిగించింది ఇంకొకటి. మీ కేసంతా ఇదే.

అందుకే ‘స్పీడ్ రావడం లేదు’ అని ఫిర్యాదు మొదలుపెట్టొద్దు. మీ కంప్యూటర్లు పాతవి, హార్డ్ డిస్క్ నెమ్మది అని అవతలి వకీలు పది కారణాలు చెబుతారు. అసలు సిసలు క్యాట్6 రకం రాగి వైరు ముప్పై మీటర్ల దూరం 10జీ మోయగలదు, ఈ ఇంటికి ఫైబర్ ఎందుకని కూడా అడుగుతారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ దానికి 10జీ రాగి మాడ్యూల్ పెట్టాలి, ఆయన పెట్టింది 1జీది. అయినా ఆ చర్చలోకి మీరు దిగనక్కర్లేదు. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఫైబర్ మీకు అవసరమా కాదా అన్నది ఆయన తేల్చాల్సిన విషయం కాదు.

ఇప్పుడు మీ బావగారి సలహా. రెండు ముక్కలూ ప్రమాదమే. బ్యాంకుకు చెప్పి చెక్కు ఆపించినా (స్టాప్ పేమెంట్) నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు పడుతుందని సుప్రీంకోర్టు 1998లోనే మోదీ సిమెంట్స్ కేసులో చెప్పింది. ఆ బాకీ చెల్లించాల్సింది కాదని నిరూపించే భారం మీ మీదే పడుతుంది. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. న్యాయం అడగాల్సిన మీరు ముద్దాయిగా బోనులో నిలబడతారు. ఇక కేబుల్ పీకించారంటే, ఆ వైరు తాను వేసిందే కాదని ఆయన తేలిగ్గా తప్పుకుంటారు.

మీ అజాగ్రత్త గురించి కూడా చెప్పాలి. 18 శాతం జీఎస్‌టీ మిగులుతుందని బిల్లు వద్దన్నారు. ‘పని సంతృప్తికరం’ అన్న కాగితం మీద చదవకుండా సంతకం చేశారు. సరుకు తప్పని తెలిసి కూడా, గొడవకు భయపడి, బాకీ ఒప్పుకున్నట్టుగా చెక్కు రాసిచ్చారు. పని ముగిసిన ఐదో రోజునే ‘ఫైబర్ అన్నారు కదా, నీలం వైరు వేశారేంటి’ అని మీరు వాట్సాప్ పెట్టారు. అది బంగారం లాంటి సాక్ష్యం. ఆ ఫోనేమో తమ్ముడికి ఇచ్చేశారు! ఈరోజే తిరిగి తెచ్చుకోండి. ఫార్మాట్ చేయొద్దు, ఆ చాట్‌లో ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయొద్దు. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్‌తో) ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫోను చేతిలో ఉంటే అది సులువు. ‘రెండూ ఒకటే’ అని ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా అందులోనే ఉందన్నారు కదా.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ఇచ్చేది రెండేళ్లే. ‘రేపొస్తా’ అన్న ప్రతిసారీ ఆ గడువు కొత్తగా మొదలవదు. 2026 ఆగస్టు మొదటి వారంలోపు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పడాలి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. సివిల్ దావాకైతే మూడేళ్లు ఉంటుంది, అది రెండో దారి.

వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారే కాదన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారికి చట్టంలోనే మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని వివరించింది. మీరే కూర్చుని ఎడిటింగ్ చేస్తారని, ఇద్దరు సహాయకులు మాత్రమే ఉన్నారని, ఇదే మీ జీవనాధారమని ఫిర్యాదు మొదట్లోనే రాయాలి. గాజుల తాకట్టు రసీదు ఉంటే జతచేయండి, అక్కడ దానికి పని ఉంటుంది.

ఈ వారంలో ఒక నెట్‌వర్క్ ఇంజనీరును పిలిపించండి. ఏ రోజు, ఏ గంటకు పరిశీలన అన్నది ముందే వైరు వేసిన ఆయనకు రాసి, వచ్చి చూసుకోమనండి. స్విచ్‌లు బిగించిన రాక్ దగ్గర చుట్టి వదిలిన అదనపు వైరు ఉంటుంది. దాని తొడుగు మీద అచ్చువేసిన అక్షరాలు, మీటర్ల అంకెలు కనబడేలా వీడియో తీయండి. కొసన ఒక తీగను బ్లేడుతో గీకించండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా తేలితే అది రాగి పూత వేసిన అల్యూమినియం, అసలు క్యాట్6 ప్రమాణానికే తూగదు. నాలుగు మాడ్యూళ్ల సీరియల్ నంబర్లు, స్విచ్‌లో పోర్టు స్పీడ్ చూపే పేజీ కూడా తీసి ఇంజనీరు చేత నివేదిక రాయించుకోండి. అవసరమైతే కమిషన్ కూడా సరుకును ల్యాబ్ పరీక్షకు పంపగలదు.

తర్వాత వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు: 15 రోజుల్లో కొటేషన్ ప్రకారం ఫైబర్, మాడ్యూల్స్ బిగించాలి, లేదా కట్టిన డబ్బు నష్టపరిహారంతో తిరిగి ఇవ్వాలి, ఈలోగా చెక్కు బ్యాంకులో వేయకూడదు. 20 నెలలు వాడుకున్నారు కాబట్టి మొత్తం వాపసు వస్తుందని నేను మాట ఇవ్వలేను. ధరలో తేడా, పరిహారం మాత్రం గట్టిగా అడగవచ్చు. నోటీసు అందాక కూడా ఆయన చెక్కు వేస్తే పాస్ అయ్యేలా ఖాతాలో 90 వేలు ఉంచండి. అభ్యంతరంతోనే చెల్లిస్తున్నానని అదే రోజు రాసి పంపి, ఆ డబ్బునూ ఫిర్యాదులో కలపండి. కోరే మొత్తం ఎంతైనా, సరుకుకు మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి కమిషన్ ఫీజు లేదు.

పెళ్లిళ్ల సీజన్‌కు పని ఆగకూడదంటే పాత పైపు జోలికి పోకుండా, పక్కన వేరే పైపులో కొత్త ఫైబర్ లాగించుకోండి. ఈసారి ఫైబర్ రకం, రెండు కొసలకూ పెట్టే మాడ్యూళ్ల రకం, సంఖ్య, అవి మీ స్విచ్‌లో పని చేస్తాయన్న హామీ బిల్లు మీదే రాయించుకోండి. జీఎస్‌టీ కట్టి తీసుకున్న ఆ బిల్లును కూడా ఫిర్యాదుకు జతచేయండి, పాత సరుకుకూ దీనికీ ధర తేడా ఎంతో కమిషన్‌కు అదే చూపిస్తుంది.