మూడో నంబరు మీద అంత మోజెందుకండీ?

ఈ నెల గోల్ఫు శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో ఫెయిర్‌వే వుడ్ల (నేల మీది బంతిని దూరం కొట్టే పెద్ద తల గోల్ఫు కర్రలు, అంటే క్లబ్బులు; వీటికి నంబర్లుంటాయి) గురించి అడిగినవే ఎక్కువ, అందులోనూ మన గోదావరి జిల్లాలవే ఎక్కువ. అబ్బాయో అమ్మాయో అమెరికా నుంచి వస్తూ సంచీ నిండా క్లబ్బులు మోసుకురావడం, వాళ్లు తిరిగి విమానం ఎక్కాక ఇంట్లో పెద్దాయన వరండాలో వాటిని చూసుకుంటూ కూర్చోవడం మామూలైపోయింది. నేను విశాఖలో క్లబ్బులకి గ్రిప్పులు (పిడులు), షాఫ్టులు (కర్రలు) మార్చే పని చేసి, ఇప్పుడు పాలకొల్లులో ఉంటున్నవాణ్ణి. అమ్మకం నా పని కాదు కనక ఉన్నమాట చెప్పడానికి నాకేం ఇబ్బంది లేదు.

ప్ర: నాకు 63 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి సెట్టు తెచ్చిచ్చాడు. వీలు చిక్కినప్పుడు విశాఖ వెళ్లి ఆడతాను. త్రీ వుడ్‌తో టీ (నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద బంతి పెట్టి కొడితే బాగానే పోతోంది. గడ్డి మీద నుంచి కొడితే మాత్రం లేవదు, నేలబారున పోయి ఆగిపోతుంది. డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) దొర్లుడు కలుపుకుని 185 గజాలు, సెవెన్ ఐరన్‌తో (పల్చటి లోహపు తల ఉన్నది) 120 గజాలు కొడతాను. లోపం నాలోనా, క్లబ్బులోనా? (భీమవరం)

జ: ఇద్దరిలోనూ ఉందండి. కానీ పెద్ద వాటా క్లబ్బుదే. ముందు దాని సంగతి చూద్దాం.

త్రీ వుడ్ లాఫ్ట్, అంటే బంతికి తగిలే ముఖం వెనక్కి వాలిన కోణం, సుమారు 15 డిగ్రీలు. అంత తక్కువ వాలుతో నేల మీది బంతి గాల్లోకి లేచి నిలబడాలంటే వేగం కావాలి. వేగం ఉంటేనే బంతి వెనక్కి తిరుగుతూ గాలిని పట్టుకుని పైకి పోతుంది. మీ దూరాలు చూస్తే మీ డ్రైవర్ స్వింగు గంటకి 80 మైళ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ వేగానికి 15 డిగ్రీలు చాలవు. టీ మీద ఎందుకు లేస్తోందంటారా? అక్కడ బంతి నేలకి ఎత్తుగా ఉండి క్లబ్బు ముఖం మధ్యలో తగులుతుంది. గడ్డి మీద బంతి ముఖం కింది భాగానికి తగులుతుంది. బంతి వ్యాసం రూలు ప్రకారం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు కనక, దాని నడుము నేలకి 21 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. క్లబ్బు బరువు అంతకంటే కిందికి ఉంటేనే బంతి తేలిగ్గా లేస్తుంది. అందుకే ముఖం పొట్టిగా, అడుగు వెడల్పుగా ఉన్న తలలు మీలాంటివారికి నప్పుతాయి. ముఖం ఎత్తుగా ఉన్నవి టీ మీద కొట్టుకోవడానికే బాగుంటాయి.

కాబట్టి మీకు కావలసింది ఫైవ్ వుడ్. లాఫ్ట్ 18 డిగ్రీలు, షాఫ్ట్ కూడా త్రీ వుడ్ కంటే అర అంగుళమో అంగుళమో పొట్టి. పొట్టి అయ్యేకొద్దీ బంతి ముఖం మధ్యలో తగలడం సులువవుతుంది. ‘నంబరు పెరిగితే దూరం తగ్గదా’ అని మీరు అడుగుతారని తెలుసు. కాగితం మీద తగ్గుతుంది. మీ వేగానికి గడ్డి మీద నుంచి ఫైవ్ వుడ్డే ఎక్కువ దూరం పోతుంది. గాల్లో ఉన్నంతసేపూ బంతి ముందుకే పోతుంది కదండీ, నేల మీద పడ్డాకే గడ్డి దాన్ని ఆపేది. ఆటగాళ్లకి మూడో నంబరు మీద ఎందుకో అంత మోజు. 1935లో అమెరికాలో మాస్టర్స్ అనే పెద్ద పోటీలో జీన్ సారజెన్ అనే ఆటగాడు పదిహేనో హోలులో (టీ నుంచి గుంట దాకా ఆడే ఒక్కో బాట హోలు) 235 గజాల నుంచి కొట్టిన బంతి నేరుగా గుంటలో పడింది. గోల్ఫులో అంత పేరు మోసిన దెబ్బలు బహు తక్కువ. అప్పుడాయన చేతిలో ఉన్నది నాలుగో నంబరు వుడ్. దాంతో స్కోరు సమం చేసి, మళ్లీ ఆడిన ఆటలో గెలిచాడు. పాపం, ఓడినాయన ఇంటిపేరు కూడా వుడ్డే: క్రెయిగ్ వుడ్.

ఇక మీ వాటా. బంతి లేవడం లేదని దాన్ని కింద నుంచి ఎత్తబోతున్నారు. అలా ఎత్తబోతే బరువు కుడికాలి మీదే ఉండిపోయి, క్లబ్బు ముందు నేలకి తగిలి, పైకి లేస్తూ బంతి నడినెత్తికి కొడుతుంది. మీరు రాసిన నేలబారు దెబ్బ సరిగ్గా అదే. ఎత్తే పని లాఫ్ట్‌ది, మీది కాదు. వరి కోసేవాళ్ల కొడవలి నేలని ఆనుకుని ఎంత సాఫీగా పోతుందో క్లబ్బు అడుగు గడ్డిని అలా ఒరుసుకుంటూ పోవాలి. బంతి తగిలాక గడ్డి కొసలు తెగాలి, ముందు కాదు. బంతిని ఎడమ మడమకి ఎదురుగా కాక, దానికి రెండు బంతుల వెడల్పు లోపలికి పెట్టుకోండి. దెబ్బ పూర్తయ్యేసరికి పొట్ట గురివైపు తిరిగి, కుడి మడమ నేల విడిచి ఉండాలి. వుడ్ పట్టుకున్నాం కదా అని బలం ఎక్కువ వాడకండి. సెవెన్ ఐరన్ ఏ జోరుతో తిప్పుతారో దీన్నీ ఆ జోరుతోనే తిప్పండి.

ఇంకొక్కటి. వుడ్ తీసేముందు బంతి ఎలా కూర్చుందో వంగి చూడండి. గడ్డి మీద తేలి ఉంటే కొట్టండి. కటిక నేల మీద ఉంటే వెడల్పాటి అడుగు నేలకి తగిలి ఎగిరి బంతి నెత్తిన పడుతుంది, అక్కడ హైబ్రిడ్డో (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్య రకం) ఐరనో నయం. గురి వైపు పల్లంగా ఉంటే ఉన్న లాఫ్ట్‌లో కొంత ఆ వాలే తినేస్తుంది, అక్కడ ఫైవ్ వుడ్ కూడా వద్దు, సెవెన్ వుడ్ తీయండి. లోతు గడ్డిలో కూరుకుపోతే ఏ వుడ్డూ వద్దు, ఒక దెబ్బ పోతే పోయిందనుకుని వెడ్జ్‌తో (ముఖం బాగా వాలిన పొట్టి ఐరన్‌తో) బయటపడండి.

ప్ర: ఏటా ఆరు నెలలు న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉంటాను. అక్కడే గోల్ఫు నేర్చుకున్నాను. షాపులో నన్ను సెవెన్ వుడ్, నైన్ వుడ్ కొనుక్కోమన్నారు. ‘అవి చేతకానివాళ్లు వాడేవి’ అని మావారు నవ్వుతున్నారు. (అమలాపురం)

జ: మీవారికి నా నమస్కారాలు చెప్పి, ఈ జవాబు గట్టిగా చదివి వినిపించండమ్మా. 2020 మాస్టర్స్ గెలిచిన డస్టిన్ జాన్సన్ సంచీలో సెవెన్ వుడ్ ఉంది. ఆయన ఆరడుగుల పైన ఎత్తు మనిషి, బంతిని అంతంత దూరం బాదేవాళ్లలో ఒకడు. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన అదితి అశోక్ దూరం కొట్టే పిల్ల కాదు. మిగతావాళ్లు ఐరన్లతో కొట్టేచోట ఆమె వుడ్లూ హైబ్రిడ్లూ తీసి, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పుటింగ్‌తో, అంటే బంతిని గుంటలోకి దొర్లించే నేర్పుతో, పతకానికి అంత దగ్గరదాకా వెళ్లింది. చేతకానితనం ఎక్కడుందో మీవారే చెప్పాలి.

సెవెన్ వుడ్ 21 డిగ్రీలు, నైన్ వుడ్ 24 డిగ్రీలు. ఆ వాలే ఉన్న లాంగ్ ఐరన్‌తో (చిన్న నంబరు ఐరన్‌తో) కొడితే మీ బంతి తక్కువ ఎత్తులో పోయి, గ్రీన్ మీద పడి అవతలికి దొర్లిపోతుంది. ఇవైతే ఎత్తునుంచి నిటారుగా దిగి ఆగుతాయి. సంచీలో డ్రైవర్, ఫైవ్, సెవెన్, నైన్ వుడ్లు, ఆ తర్వాత సెవెన్ ఐరన్, దానికంటే పొట్టి ఐరన్లు పెట్టుకోండి. నైన్ వుడ్‌కీ సెవెన్ ఐరన్‌కీ మధ్య సందు ఎక్కువగా అనిపిస్తే ఒక హైబ్రిడ్ చేర్చండి. ఫోర్, ఫైవ్ ఐరన్లు మీవారికి ఇచ్చేయండి, ఆయన మగతనంతో కొట్టుకుంటారు.

వీటికి ఒక లోపం లేకపోలేదు. ఎదురుగాలిలో బంతి పైకి పోయి అక్కడే వేలాడి పడిపోతుంది. గాలికి ఎదురు కొట్టాల్సి వస్తే గ్రిప్పు మీద రెండంగుళాలు కిందికి పట్టుకుని, బంతిని కాస్త కుడివైపుకి జరిపి, సగం జోరుతో కొట్టండి. గట్టిగా కొట్టేకొద్దీ బంతి ఇంకా పైకి లేస్తుంది.

ప్ర: పాత ఫెయిర్‌వే వుడ్ ఒకటి చవగ్గా వస్తోంది. మెడ దగ్గర తిప్పి లాఫ్ట్ మార్చుకోవచ్చట. తీసుకోనా? (తణుకు)

జ: షాఫ్ట్ మీద ఏమని రాసుందో ముందు చూడండి. స్టిఫ్ (తక్కువ వంగేది) అని ఉండి, మీరు నాలాంటి పెద్ద వయసువారైతే ధర ఎంత తగ్గించినా వద్దు. ఇంకాస్త వంగే రెగ్యులర్, సీనియర్ రకాలైతే ఆలోచించవచ్చు. అడుగున ఉన్న నంబరు నమ్మకండి, డిగ్రీలు చూడండి. ఒక కంపెనీ త్రీ వుడ్ 15 డిగ్రీలుంటే, త్రీ హెచ్‌ఎల్ (బంతిని ఎత్తుగా లేపే రకం) పేరుతో వచ్చేది 16.5 దాకా ఉంటుంది. మెడ తిప్పుకునే ఏర్పాటు మంచిదే కానీ ఊరికే రాదు: లాఫ్ట్ పెంచితే ముఖం కాస్త ఎడమవైపుకి మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. బంతి ఎప్పుడూ కుడివైపుకి తిరిగిపోయేవాళ్లకి ఈ మూసుకోవడం మేలే చేస్తుంది. తిప్పే తాళం కూడా అమ్మేవాడి దగ్గర ఉందో లేదో అడగండి. అది లేకుండా ఇవన్నీ మాటలే.

ప్ర: మా ఊళ్లో మైదానం లేదు. వుడ్ ప్రాక్టీసు ఇంటి దగ్గర ఎలా? డాబా మీద వల కట్టుకోవచ్చా? (నరసాపురం)

జ: డాబా మీద మాత్రం వద్దండి. వల తప్పిన బంతి పక్కింటి సోలార్ పలక మీద పడితే గోల్ఫు సంగతి అటుంచి వాళ్లతో మాటలు కూడా పోతాయి. పెరట్లో కట్టుకోండి. నరసాపురంలో ఉండి వలకి వెతుక్కోనక్కర్లేదు. చేపల వల గట్టి నైలాన్‌ది తీసుకుని రెండు పొరలుగా వేలాడదీయండి. కంత బంతికంటే చిన్నదిగా ఉండాలి. బిగించి కట్టకండి. బిగించిన వల బంతిని వెనక్కి మీ మీదికే విసురుతుంది. వెనక గోడ ఉంటే వలకీ గోడకీ మధ్య మనిషి నడిచేంత ఖాళీ వదలండి. రొయ్యల చెరువు మీద పక్షులు రాకుండా కట్టే పల్చటి వల దీనికి పనికిరాదు, ఒక్క దెబ్బకే చిరుగుతుంది.

కింద వేసుకోవడానికి కోనసీమ కొబ్బరి పీచు పట్ట బాగానే ఉంటుంది. అయితే పట్ట అబద్ధం చెబుతుంది. క్లబ్బు బంతికి వెనక తగిలినా పీచు మీద జారిపోయి బంతి చక్కగానే వెళుతుంది. అసలు గడ్డి మీద అదే దెబ్బ బంతికి ముందే నేలలో దిగబడుతుంది. అందుకని వారంలో ఒక్కసారైనా నేల మీద కొట్టండి. దాళ్వా కోతలయ్యాక, మళ్లీ కాలువలకి నీళ్లు వదిలేదాకా చేలు ఖాళీగానే ఉంటాయి. రైతుని అడిగి, పశువులూ మనుషులూ లేని వేళ చూసుకుని వెళ్లండి. సార్వా కోశాక మినుము ఉన్న చేలో మాత్రం అడుగు పెట్టకండి. దుబ్బుల మధ్య నుంచి కొట్టొద్దు, మణికట్టు పట్టేస్తుంది. గట్టు పక్కన గడ్డి ఉన్నచోట ముగ్గుపిండితో అడ్డంగా గీత గీసి, ముందు బంతి లేకుండా ఆ గీత మీదుగా క్లబ్బు తిప్పండి. గడ్డి ఒరుసుకున్న గుర్తు గీతకి గురి వైపు పడాలి. గీతకి ఇవతలే పడుతుంటే ఇంకా బరువు వెనకే ఉందన్నమాట. గుర్తు వరసగా అవతలే పడేదాకా బంతి జోలికి పోకండి. విసుగొచ్చే పనే, కానీ ఇంతకంటే దగ్గరి దారి నాకు కనపడలేదు.

ప్ర: మా తాతగారి పెట్టెలో చెక్క తల ఉన్న గోల్ఫు కర్ర దొరికింది. అడుగున ఇత్తడి రేకు ఉంది. దీంతో ఆడొచ్చా? (కాకినాడ)

జ: ఆడకండి, దాచండి. ఆ చెక్క చాలామటుకు పర్సిమన్ అయి ఉంటుంది. మన ఏజెన్సీలో బీడీ ఆకు కోసే తునికి చెట్టుదీ దానిదీ ఒకే కుటుంబం, అంత గట్టి చెక్క. గోల్ఫు వుడ్లన్నీ ఒకప్పుడు అలాంటివే. 1979లో గ్యారీ ఆడమ్స్ టేలర్‌మేడ్ కంపెనీ పెట్టి ఉక్కు తలతో వుడ్ తెచ్చాక చెక్కవి మెల్లగా మూలపడ్డాయి. మీ దాని షాఫ్ట్ కూడా చెక్కదేనా చూడండి. ఉక్కు షాఫ్టులకి బ్రిటన్‌లో అనుమతి 1929లో వచ్చింది. చెక్క షాఫ్ట్ అయితే ఆ కాలందో అంతకుముందుదో కావచ్చు. ఇప్పటి బంతి గట్టిది, ముఖం పగులుతుంది. మన తేమకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. పల్చగా నూనె రాసి నీడలో వేలాడదీయండి. ఫొటో పంపిస్తే ఇంకా చెబుతాను.

ప్ర: డ్రైవర్ బదులు ఎప్పుడూ త్రీ వుడ్‌తోనే టీ మీద నుంచి కొట్టొచ్చా? (రాజమహేంద్రవరం, కాలేజీ విద్యార్థి)

జ: ఇరుకు హోలులో కొట్టొచ్చు బాబూ. టీ మాత్రం పొట్టిగా, బంతి గడ్డికి కొంచెం పైన ఉండేలా దిగేయి. ఎత్తుగా పెడితే క్లబ్బు బంతి కిందనుంచి దూరిపోయి, బంతి ఆకాశంలోకి పోతుంది. వెడల్పు హోలులో డ్రైవరే తియ్యి. నీ వయసులో అది నేర్చుకోకపోతే ఎప్పుడు నేర్చుకుంటావు?

ప్ర: వుడ్ ముఖం మీద తుప్పు, గ్రిప్పు జిడ్డు. ఏం చెయ్యాలి? (రావులపాలెం)

జ: తడిసిన తలకి తొడుగు తొడిగి దాచి ఉంటారు. ఆట అయ్యాక గుడ్డతో తుడిచి, తొడుగు తీసేసి, రాత్రంతా గాలికి వదిలేయండి. గ్రిప్పుని సబ్బునీళ్లలో ముంచిన బ్రష్షుతో తోమి నీడన ఆరబెట్టండి. అప్పటికీ జారుతుంటే మార్చేయడమే. ఎండాకాలం క్లబ్బుల్ని కారు డిక్కీలో వదిలేయకండి. తలని షాఫ్ట్‌కి అతికించే జిగురు ఆ వేడికి మెత్తబడుతుంది. తల పట్టుకుని మెలితిప్పితే కిర్రుమంటోందా, ఇక ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా మరమ్మతు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లండి. ఊడిన తల ఎటు పోతుందో కొట్టినవాడికే తెలియదు.