అంతా ఆడపిల్లలే ఉన్న బడిలో చదివితే రేపు కాలేజీలో నెగ్గుకొస్తుందా?

ప్రశ్న: మాది జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక పల్లె. నేను ఏడు దాకా చదివాను, ఇంట్లో మిషను కుడతాను. మా చిన్నపాప ఈ ఏడు అయిదో తరగతి. మా ఊళ్లో బడి అయిదు వరకే, హైస్కూలు ఆరు కిలోమీటర్లు. మండలంలో ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునే సర్కారు బడి ఉంది, కస్తూర్బా స్కూలు. పాపను అందులో ఆరులో వేయాలని నా కోరిక. మా ఆయనకు ఇష్టం లేదు. ‘అంతా ఆడపిల్లలే, గేటు దాటనివ్వరు. అట్లా పెరిగిన పిల్ల రేపు కాలేజీలో మగపిల్లల మధ్య నోరు విప్పుతుందా? కాలేజీకి పనికొచ్చేంత చదువు అక్కడ చెబుతారా?’ అంటాడు. మా అత్తమ్మ అయితే పెద్దమనిషయ్యే వయసులో పిల్లను హాస్టల్లో ఉంచేదేంది అంటుంది. మా పెద్దపాపకు 17 ఏళ్లు. ఎనిమిదిలో బడి మాని సీడు పత్తి చేలల్లో పూలకు పుప్పొడి రుద్దే క్రాసింగు పనికి పోతోంది. చిన్నదానికీ అదే గతి పడుతుందేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చేర్పించండమ్మా. సీటు దొరికితే వదులుకోవద్దు. చేర్పించాక మీ వంతు పని కొంత ఉంటుంది, అది తర్వాత చెబుతాను.

ముందు మీ ఆయన సంగతి. ఆయన అడ్డుపడుతున్నాడని మీరు బాధపడుతున్నారు గానీ, ఆయన మాట ఇంకోసారి చదివి చూడండి. పిల్ల కాలేజీకి ఎందుకు అనడం లేదు, పోయాక ఎలా అంటున్నాడు. ఆడపిల్లకు అయిదు చాలనే ఇళ్లతో మాట్లాడి మాట్లాడి ఉన్నాను కాబట్టి, నాకు ఈ ప్రశ్న ఎంతో ముద్దుగా వినిపించింది. ఆయనతో వాదన పెట్టుకోకండి, జవాబు చెప్పండి.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలయ్యాయి. అప్పట్లో ఆరు నుంచి ఎనిమిది వరకే. పల్లెల్లో ఆడవాళ్ల అక్షరాస్యత దేశ సగటు కంటే తక్కువ ఉన్న మండలాలు చూసి అక్కడ పెట్టారు. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువనున్న ఇళ్ల పిల్లలకు. ఊరి బడి అయిపోయి పక్కూరి బడికి నడవాల్సి వచ్చే ఆ అయిదు, ఆరు మధ్యనే ఆడపిల్లలు జారిపోతున్నారని తెలిసి పెట్టిన బడులివి. మీ జిల్లానే చూడండి. 2011 జనాభా లెక్కలను ఇప్పటి జిల్లాల ప్రకారం విడగొడితే తెలంగాణలో అక్షరాస్యత అట్టడుగున ఉన్నది గద్వాలే. ఎనిమిది తర్వాత పిల్లలు మళ్లీ ఇంటిదారి పట్టకుండా తరగతులు పది దాకా పెంచారు. 2018లో బడుల కోసం కేంద్రం పెట్టిన సమగ్ర శిక్ష పథకం వచ్చాక ఇంటర్ వరకూ పెంచే వీలు కలిగింది, చాలాచోట్ల పెరిగింది కూడా.

ఇక మగపిల్లల మధ్య నోరు విప్పుతుందా అన్న భయం. ఆడపిల్లల బడి మేలా, కలిసి చదివే బడి మేలా అని చాలా దేశాల్లో తేల్చుకోవాలని చూశారు. 2014లో వచ్చిన ఒక పరిశీలనలో 21 దేశాలకు చెందిన 16 లక్షల మంది పిల్లల ఫలితాలు కలిపి చూశారు. పిల్లల ఇళ్ల స్థితిగతులు, ముందు నుంచీ ఉన్న తేడాలు లెక్కలోకి తీసుకున్న అధ్యయనాల్లో రెండు రకాల బడులకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి అక్కడ అద్భుతాలు జరుగుతాయని నేను చెప్పను. పిల్ల ముడుచుకుపోతుందని ఆయన భయపడనూ అక్కర్లేదు.

అయితే నేను కళ్లారా చూసే తేడా ఒకటుంది. కలిసి చదివే బడిలో సైన్స్ మేడం ఒక్కో గుంపుకు ఒక బ్యాటరీ, బల్బు, రెండు వైరు ముక్కలు ఇస్తుంది. రెండు నిమిషాల్లో వైర్లు మగపిల్లల చేతిలో ఉంటాయి, రికార్డు పుస్తకం ఆడపిల్ల చేతిలో ఉంటుంది. ‘నీ రైటింగ్ బాగుంటది, నువ్వు రాయి’ అంటారు. ఆ పిల్లా మురిసిపోయి రాస్తుంది. ఎవరూ బలవంతం చేయరు, అలా జరిగిపోతుందంతే. ఆడపిల్లల బడిలో అప్పగించడానికి పక్కన మగపిల్లాడు ఉండడు. వైరు తొడగాల్సిందీ, బల్బు వెలగకపోతే ఎక్కడ ఊడిందో వెతకాల్సిందీ వాళ్లే. ప్రార్థనలో మైకు పట్టుకునేది, అన్నం సరిగా ఉడకలేదని బడి బాధ్యత చూసే ఎస్ఓ (స్పెషల్ ఆఫీసర్) మేడం దగ్గరికి పోయి చెప్పేది, కబడ్డీలో కెప్టెన్ అయ్యేది, అన్నీ వాళ్లే. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వయసులో ఇవి చేసిన పిల్ల ఇంటర్ ల్యాబులో పరికరం కోసం చేయి చాపడానికి అంతగా వెనకాడదు. నోరు విప్పడమంటే నా లెక్కలో ఇదే.

ఆయన రెండో ప్రశ్న అసలు ప్రశ్న. కాలేజీకి పనికొచ్చే చదువు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో కాలేజీకి తయారు చేయడం అంటే ఎంట్రన్స్ కోచింగ్ కాదు. ఫౌండేషన్ కోర్సు అని బోర్డు పెట్టి ఆరో తరగతి నుంచే ఐఐటీ పేరు చెప్పి డబ్బు గుంజే చోట్లు చూసి మీకు అటువంటిది లేదని బెంగ వద్దు. ఈ మూడేళ్లలో పిల్లకు కావలసింది భిన్నాలు, రుణ సంఖ్యలు, ఎనిమిది పూర్తయ్యేలోపు బీజగణితంలో సమీకరణాలు, ఇంగ్లీషులో ఒక పేజీ చదివి దాని సారం తెలుగులో చెప్పగలగడం. పదిలో మంచి మార్కులు తెచ్చుకుని ఇంటర్లో ఎంపీసీ తీసుకుని మొదటి మూడు నెలల్లోనే టెన్షన్ పడిపోయే పిల్లల్ని కూర్చోబెట్టి చూస్తే, చాలామందికి చిక్కు ఏడో తరగతి భిన్నాల దగ్గరే ఉంటుంది.

అందుకని వేసవి సెలవులు ఊరికే పోనివ్వకండి. పాపతో నాలుగంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో భాగహారం చేయించండి. రాకపోతే గాభరా పడకండి, అయిదు పాసైన పిల్లల్లో చాలామందికి రాదు. ఎక్కాలు, భాగహారం జూన్ లోపు వచ్చేస్తే ఆరో తరగతి లెక్కల మేడం చెప్పేది ఎక్కుతుంది. మీరు ఏడు చదివారు, బ్లౌజు కొలతలు తీస్తారు, పావు, అర, ముప్పావు ఇంచీలతో రోజూ పని చేస్తారు. భిన్నాలు మీ దగ్గర మొదలుపెట్టినా తప్పు లేదు. అక్కడ బోధన ఇంగ్లీషు మీడియం. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురుపేజీలో ఇంగ్లీషు ఉంటాయి. ముందు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషు పేజీలో అదే వాక్యం పట్టుకోమని అలవాటు చేయండి.

మీ ఆయన చెప్పిన ‘గేటు దాటనివ్వరు’ మాటలో మాత్రం నిజముంది. బెల్లు కొడితే లేవాలి, బెల్లు కొడితే తినాలి, చదువు గంటకు కూర్చోవాలి. పిల్లల భద్రత కోసం తప్పదు. కానీ అయిదేళ్లు అట్లా పెరిగి టౌన్లో కాలేజీలో చేరిన అమ్మాయిలను బ్యాంకులో చూశాను. స్కాలర్‌షిప్ డబ్బు ఖాతాలో పడి ఉంటుంది, విత్‌డ్రాయల్ ఫారం చేతిలో పట్టుకుని, ఎవరిని అడగాలో తెలియక గోడవారగా నిలబడి ఉంటారు. ఇది బడి నేర్పలేదు, ఇంట్లో నేర్పాలి. ఇదే మీ వంతు పని అన్నది. సెలవులకు వచ్చినప్పుడు మీతో బ్యాంకుకు తీసుకెళ్లి ఫారం ఆమెతోనే నింపించండి. దారం, బటన్లు, లైనింగు గుడ్డ కొనడానికి గద్వాలకు తీసుకుపోయి, బేరం ఆమెను ఆడమనండి. ఎనిమిదికి వచ్చేసరికి పక్క ఊరి మేనత్త ఇంటికి ఒక్కతే బస్సెక్కి పోయి రానివ్వండి. మేనమామ కొడుకులు, పిన్ని కొడుకులు చదువుకుంటుంటే వాళ్లతో కూర్చుని లెక్కలు చేయనివ్వండి. మగపిల్లల భయం పోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

దసరా సెలవుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బతుకమ్మకు పిల్ల ఇంటికి వచ్చే సమయానికి సీడు పత్తి చేలల్లో ఇంకా పని ఉంటుంది. చిన్న వేళ్లకు క్రాసింగు బాగా కుదురుతుందని రైతులు ఆడపిల్లలనే అడుగుతారు. నాలుగు రోజులు పోతే నాలుగు రూపాయలు వస్తాయని పంపిస్తే సెలవులు అయిపోతాయి, ఇంకో వారం ఆగి పోదువులే అంటారు, పిల్ల మళ్లీ పెట్టె సర్దదు. మీ పెద్దపాప మానేసింది ఎలాగో గుర్తు చేసుకోండి, ఒక్కరోజులో మానేసి ఉండదు. కాబట్టి సెలవులు అయిన మర్నాడే పిల్ల బడిలో ఉండాలి. ఈ ఒక్క విషయంలో మీరు మొండిగా ఉండండి.

అత్తమ్మగారితో తగువు వద్దు. పెద్దమనిషయ్యే పిల్ల గురించి ఆమె దిగులు ఉత్తదేమీ కాదు. రోజూ ఆరు కిలోమీటర్లు పోయి రావడం ఆ వయసులో ఇంకా కష్టమని ఆమెకే చెప్పండి. బడి మానిపించే కారణాల్లో ఆ నడక ఒకటి. హాస్టల్లో ఉండేది ఆడ టీచర్లు, తోటి ఆడపిల్లలు. ముందే ఒకసారి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి చూపించండి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఖర్చు సాకూ లేదు. అక్కడ మీరిద్దరూ చూడాల్సింది తరగతి గదుల రంగులు కాదు. బాత్రూం తలుపులకు గడియలు పడుతున్నాయా, నీళ్లు ఎన్ని గంటలు వస్తాయి, రాత్రి ఎవరు ఉంటారు, జ్వరం వస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు. వంటగదిలోకి తొంగి చూడండి. ఎస్ఓ మేడం ఈ ప్రశ్నలకు విసుక్కుంటే అదీ ఒక జవాబే.

మొదటి నెల పాప ఫోన్లో ఏడుస్తుంది. అందరూ ఏడుస్తారు. ‘నీ అన్నం తినబుద్ధవుతోందమ్మా’ అని ఏడిస్తే ఓదార్చి ఊరుకోండి, పరుగున పోయి తెచ్చేసుకోకండి. కానీ మాట మింగేస్తే, ఒక మనిషి పేరు చెప్పడానికి భయపడితే, కడుపునొప్పి అని పదేపదే అంటే ఆ రోజే బస్సెక్కండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉందని ఆమెకూ నేర్పండి.

నష్టాలు కూడా దాచను. ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. వసతి ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ బడుల పిల్లలకు అది వర్తించదు. తిండి, బట్టలు, పుస్తకాలు ఉచితం కాబట్టి నా లెక్కలో మీకు లాభమే ఎక్కువ. ఇంకొకటి, ఇంటర్ ఉన్న కస్తూర్బాల్లో చాలాచోట్ల ఒకటి రెండు గ్రూపులే ఉంటాయి. మీ మండలంలో ఇంటర్ ఉందా, ఉంటే ఏ గ్రూపులు, లెక్కలకు టీచరు ఉన్నారా అని చేర్పించేటప్పుడే కనుక్కోండి. పది తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కు పోవచ్చు, పదో తరగతి మార్కుల మీద బాసర ట్రిపుల్ ఐటీ సీటు రావచ్చు. ఇంజనీరింగ్ వంటి కోర్సుల్లో మూడో వంతు సీట్లు అమ్మాయిలవే. ఇది మీ ఆయనకు చెప్పండి, లెక్క తెలిసిన మనిషిలా ఉన్నాడు.

పెద్దపాపను వదిలేయకండి. 14 ఏళ్లు నిండినవాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా నేరుగా పదో తరగతి పరీక్ష రాయొచ్చు, ఆమెకు 17. సంబంధాలు చూస్తున్నామనే మాట ఇంట్లో వస్తే 18 నిండకుండా పెళ్లి చట్టరీత్యా నేరమని గట్టిగా చెప్పండి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 20–24 ఏళ్ల తెలంగాణ ఆడవాళ్లలో 23.5 శాతం మందికి 18 లోపే పెళ్లయిపోయిందని తేలింది. మీ ఇంట్లో పాపలు ఆ లెక్కలోకి చేరనక్కర్లేదు.

మీ ఉత్తరంలో చిన్నపాప ఏమంటోందో రాయలేదు. అడగండి. వద్దంటే ఎందుకు వద్దంటోందో వినండి, తోడుగా ఊళ్లో ఇంకో పిల్ల చేరేలా ఉంటే సగం భయం తీరుతుంది.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, అయిదో తరగతి కాగితాలు ఏప్రిల్లోనే సిద్ధం చేసుకుని ఎస్ఓ మేడాన్ని కలవండి. సీటు రాకపోతే గురుకులాల్లో ఆరు నుంచి తొమ్మిది దాకా మిగిలిన సీట్లకు పరీక్ష పెడుతుంటారు, దానికి దరఖాస్తు చేయండి. అదీ కాకపోతే హైస్కూల్లోనే చేర్పించి, మీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో రవాణా భత్యం అడగండి. దగ్గర్లో బడి లేని ఊళ్ల పిల్లలకు ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి 6,000 రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు సమగ్ర శిక్షలో ఉంది. నోటితో అడిగి వచ్చేయకుండా, కాగితం మీద రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి.