లైసెన్సు తిరిగొచ్చేలోపు చెయ్యాల్సిన పని

బరంపురం

బాబూ,

తాగి ఆటో నడిపావని నీ లైసెన్సు మూడు నెలలు ఆపేసిన ఆర్డరు కాగితాన్ని చింపబోతే మీ అమ్మ లాక్కుని బియ్యం డబ్బాలో దాచిందట. మంచి పని చేసింది. అది తీసి నిదానంగా చదువు. ఒడియాలో ఉందని పక్కన పడెయ్యకు, బడిలో నువ్వు చదువుకున్నదే కదా. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆపారో పెన్నుతో గీత గీసుకో. కాగితం అందిన 30 రోజుల్లోపు అప్పీలుకి వెళ్లే హక్కు నీకుంది. కానీ గిరిసోల దాటాక ఊదించినప్పుడు మిషను 92 చూపించిందని నువ్వే అన్నావు. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అప్పీలుకి డబ్బు తగలెయ్యొద్దనే నా మాట. కోర్టు కేసు దీనికి వేరు, వాయిదాకి తప్పకుండా వెళ్లు. మొదటిసారికి 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల దాకా పోతుంది.

స్టాండులో కుర్రాళ్లు ఏం చెబుతారో నాకు తెలుసు. ఇచ్ఛాపురంలో మీ మేనత్త అడ్రసు పెట్టి ఆంధ్రాలో కొత్త లైసెన్సు తీసుకోమంటారు. వినకు. రాష్ట్రం మారినా రికార్డులు సారథి అనే దేశవ్యాప్త లైసెన్సుల కంప్యూటర్లలోనే ఉంటాయి. గడువు అయ్యేదాకా ఏ రాష్ట్రంలోనూ నువ్వు లైసెన్సు తీసుకోకూడదు, బండి నడపకూడదు. నడిపితే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. ఆ సమయంలో ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్సు కంపెనీ కట్టిన పరిహారాన్ని ఆటో ఓనరు దగ్గర వసూలు చేసుకోగలదు. నీ మూలంగా ఆయన ఇల్లు అమ్ముకోవాల్సి రాకూడదు.

ఇంకో సంగతి. 2019లో చట్టం మారాక, గడువు అయిపోయింది కదా అని లైసెన్సు చేతికిచ్చెయ్యరు. రిఫ్రెషర్ కోర్సు పూర్తి చేసినవాడికే తిరిగివ్వాలని రాశారు. చివరి వారం దాకా ఆగకుండా ఇప్పుడే ఆర్టీఓ ఆఫీసుకెళ్లి కోర్సు ఎక్కడ, ఎప్పుడు, ఫీజెంత అని అడుగు. క్లాసులో కూర్చోకుండానే సర్టిఫికెట్ తెచ్చిపెడతానన్న దళారీని దగ్గరికి రానివ్వకు.

అయితే ఆ కోర్సుతో నా బెంగ తీరదు. బండి నడపడం, రోడ్డు నిబంధనలు మళ్లీ చెబుతారు. నీకు అవి రాకనా పట్టుబడ్డావు? నీ చెయ్యి మంచిది, ఆ మాట స్టాండంతా ఒప్పుకుంటుంది. సాయంత్రమయ్యేసరికి సీసా కావాలనిపించడం నీ జబ్బు. తాగి దొరికినవాడు ముందు ఆ జబ్బుకి వైద్యం చేయించుకోవాలని, ఆ తరవాతే లైసెన్సు అడగాలని చట్టంలోనే ఉండాలంటాను నేను. అమెరికాలో కాలిఫోర్నియా లాంటి చోట మద్యం మీద నెలల తరబడి నడిచే తరగతుల్లో చేరినట్టు చూపిస్తేనే, పనికీ ఆ తరగతులకీ మాత్రం నడుపుకోమని పరిమిత లైసెన్సిచ్చే పద్ధతి ఉంది. కొందరి బండికి ఊదే మిషను కూడా బిగిస్తారు, తాగి ఊదితే ఇంజను స్టార్టవదు. మనకి అలాంటి సగం లైసెన్సు లేదు. ఇస్తే మొత్తం, లేకపోతే ఏమీ లేదు. అందుకని ఆ వైద్యం నీ అంతట నువ్వే మొదలుపెట్టాలి, ఆ హద్దులు కూడా నువ్వే పెట్టుకోవాలి.

వైద్యానికి ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్దాం. ఎంత తాగుతావు, ఎన్నేళ్ల నుంచి, పొద్దున్న లేవగానే కూడా కావాలా అని అడుగుతారు. మీ అమ్మ పక్కనుంటే సిగ్గనిపిస్తే ఆవిడని బయట కూర్చోబెడతాను, నువ్వు మాత్రం నిజం చెప్పు. ఠాకురాణమ్మకి మొక్కుకుని రేపటి నుంచి ఒక్క చుక్క ముట్టనన్నావట. మొక్కు నిలబెట్టుకో, కానీ డాక్టరుకి చూపించకుండా ఒక్కసారిగా ఆపకు. రోజూ బాగా తాగేవాడు హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్సొస్తాయి, మతి తప్పి మాట్లాడతారు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించుకుంటూ తిరిగితే ప్రాణం మీదకొస్తుంది. మందులతో ఆపితే ఆ గండం గడుస్తుంది. రాత్రిపూట మనసు లాగితే 14446కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వం వాళ్లదే, డబ్బులు పడవు.

ఇక లైసెన్సు వచ్చాక. మొదటి ఆర్నెల్లు పగటి ట్రిప్పులే వెయ్యి. చీకటి పడ్డాక ఆటో ఓనరు ఇంట్లో పెట్టి తాళం ఇచ్చెయ్యి, ఆయనతో నేను మాట్లాడాను. పెళ్లిళ్లకి, యాత్రకి వెళ్తే బస్సులోనే వెళ్లు. ఎప్పుడైనా జారిపోయి తాగావనుకో, మర్నాడు ఆటో తియ్యకు. రక్తంలో మందు 100 మిల్లీలీటర్లకి గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే దిగుతుంది. రాత్రి పదకొండింటికి 150 ఉన్నవాడు 30కి రావడానికే పొద్దున్న ఏడవుతుంది. స్కూలు పిల్లల్ని ఎక్కించుకునే వేళ అది. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఆ లెక్కని ఒక్క గంట కూడా తగ్గించవు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఓపీ కౌంటరు దగ్గరుంటాను. ఆధార్ కార్డు, వాడుతున్న మందులేమైనా ఉంటే వాటి చీటీలు తెచ్చుకో. బస్సులో రా.

మీ పెదమావయ్య