అన్నీ కలిపి చెప్పే డిగ్రీలో మా అమ్మాయిని చేర్చవచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మాది చీపురుపల్లి. మావారు ఆర్టీసీలో కండక్టరు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఇంజినీరింగ్ వద్దంటోంది. ఎకనామిక్స్, చరిత్ర, స్టాటిస్టిక్స్, పర్యావరణం కలిపి చెప్పే లిబరల్ స్టడీస్ కోర్సులో చేరతానంటోంది. అందులో చేరితే రెంటికీ చెడ్డ రేవడి అవుతుందని చుట్టాలు భయపెడుతున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చేర్చండి. కాకపోతే ఆ కోర్సులో ఒక సబ్జెక్టైనా లోతుగా చెబుతారో లేదో ముందు కనుక్కోండి. నాలుగు సబ్జెక్టులూ పైపైన తడిమి వదిలేసే కోర్సైతే మీ చుట్టాల భయం నిజమే.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఉద్దానం నుంచి, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చిన పిల్లలు నా క్లాసులో ఉండేవారు. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. షుగరు, బీపీ లేని రైతు కూలీలకు కూడా వస్తోంది. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లా, ఎండలో పనిచేస్తూ సరిగా నీళ్లు తాగకపోవడమా, పురుగుమందులా, నొప్పి బిళ్లలా, వంశపారంపర్యమా? డాక్టరు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూస్తారు, భూగర్భ జలాలు తెలిసినవారు బోరు నీళ్లు పరీక్షిస్తారు. ఇక డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. వైద్యం ఉచితమే అయినా రోగి కూలీ పోతుంది, తోడు వెళ్లినవారి కూలీ కూడా పోతుంది. ఆ లెక్క మా సబ్జెక్టుది. ఇలాంటి సమస్యను ఏ ఒక్క పుస్తకంతోనూ అర్థం చేసుకోలేం. మీ అమ్మాయి అడుగుతున్న చదువు ఇలాంటిదే, మంచి కోరిక.

మన గిడుగు రామమూర్తి పంతులుగారినే చూడండి. చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషి శ్రీముఖలింగం శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, 1938లో దానికి నిఘంటువు తెచ్చారు. ఎన్ని తెలుసుకున్నా ప్రతిదాన్నీ లోతుగా పట్టుకున్నారు.

ఇక ఉద్యోగాల మాట. సివిల్స్‌కు, గ్రూప్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. టీచరు ఉద్యోగం మాత్రం అలా కాదు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలి, బీఈడీ కూడా కావాలి. పీజీలో కూడా చాలా కోర్సులకు ఇదే పట్టింపు. అమెరికాలో కాలిఫోర్నియా లాంటి చోట్ల చిన్న పిల్లల టీచర్లు కాదలచుకున్నవారు లిబరల్ స్టడీస్‌లో చేరతారు, అక్కడి పద్ధతికి అది సరిపోతుంది. మన డీఎస్సీకి ఆ పేరు చూపిస్తే చెల్లదు. అందుకే డిగ్రీ పట్టా మీద మేజర్‌గా, అంటే ముఖ్య సబ్జెక్టుగా, ఏ పేరు వేస్తారో చేరకముందే అడగండి. మాటతో సరిపెట్టుకోకుండా పాత బ్యాచ్ మార్కుల మెమో చూపించమనండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. శ్రీసిటీలో క్రియా, హర్యానా సోనీపత్‌లో అశోకా లాంటి ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, దానికి తప్పకుండా అప్లై చేయించండి. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. స్కాలర్‌షిప్ కాగితం చేతికి రాకుండా పొలమో, బంగారమో తాకట్టు పెట్టకండమ్మా.

దూరం పంపలేకపోతే దిగులు వద్దు. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీకి ఒక మేజర్, దానికి తోడుగా ఒక మైనర్ సబ్జెక్టు పద్ధతి తెచ్చారు. ఎకనామిక్స్ మేజర్, స్టాటిస్టిక్స్ మైనర్ దొరికే కాలేజీ విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో వెతకండి. చరిత్ర, పర్యావరణం లైబ్రరీలో చదువుకోవచ్చు. మీ ఇంటి పరిస్థితికి ఇదే ఎక్కువ సరిపోతుందని నా మనసుకు అనిపిస్తోంది.

అమ్మాయి అనుకుంటున్న కోర్సు సిలబస్ కాపీ పత్రిక చిరునామాకు పంపండి. సెమిస్టర్ వారీగా చూసి, ఏ పేపరు దేనికి పనికొస్తుందో తనకే నేరుగా రాస్తాను.