ఫోన్‌లో పాఠాలు రోజూ చూస్తున్నా మార్కులు పెరగట్లేదు, ఎందుకు?

మీరు అడిగింది ఇది: బాబు సిరోంచ తాలూకాలో మరాఠీ మీడియం తొమ్మిది చదువుతున్నాడు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. రోజూ రెండు గంటలు యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు చూసి అర్థమైందనే అంటాడు. ఘటక చాచణిలో (బడిలో పెట్టే యూనిట్ టెస్టు) మాత్రం లెక్కల్లో 20కి 6 దాటట్లేదు. ఆన్‌లైన్ చదువు మానిపించాలా?

మానిపించకండి, కానీ చూసే పద్ధతి మొత్తం మార్చాలి. గడ్చిరోలి, చంద్రపూర్ వైపు తెలుగిళ్ల పిల్లలతో పని చేసే మాకు ఇది కొత్త కాదు. సాధారణంగా మూడు కారణాలు కలిసే వస్తాయి.

అన్నిటికన్నా పెద్దది పునాది. తొమ్మిదో తరగతి వీడియో పెట్టే ముందు ఒక తెల్లకాగితం మీద కింది తరగతుల లెక్కలు పది ఇవ్వండి. 4368ని 14తో భాగించడం, 3/4 + 5/6, −7 + 3, −4 × −6, 2.5 × 0.4, 240లో 15 శాతం, 12:18ని సూక్ష్మరూపంలో రాయడం, 3x + 5 = 20, 144కి వర్గమూలం, పొడవు 8, వెడల్పు 5 ఉన్న దీర్ఘచతురస్ర వైశాల్యం. ఫోన్ పక్కన పెట్టాలి, 30 నిమిషాలు, ఎవరూ సాయం చేయొద్దు. ఎన్ని తప్పాయన్నది కాదు, ఎక్కడ తప్పాడన్నది చూడండి.

భిన్నాల లెక్కకు చాలామంది 8/10 అని రాస్తారు, పైవాటిని పైన, కిందివాటిని కింద కూడేసి. అప్పుడు "తప్పు" అని కొట్టేయకండి. 5/6 పెద్దదా, 8/10 పెద్దదా అని అడగండి. 5/6 అంటే 0.83, 8/10 అంటే 0.8. కూడితే ఉన్నది తగ్గుతుందా? అక్కడ పిల్లవాడు ఆగి ఆలోచిస్తాడు. తర్వాత 12 గళ్లున్న కాగితపు పట్టీలు రెండు తీసుకుని ఒకదాని మీద 9 గళ్లు (3/4), రెండోదాని మీద 10 గళ్లు (5/6) రంగు వేయించండి. 19/12 వాడే చెప్తాడు. ఈ మెట్టు ఎక్కకుండా బహుపదులు, రెండు చలరాశుల సమీకరణాలు ఎన్ని గంటలు చూసినా చేతికి రావు. వీడియోలో సారు చేస్తుంటే మాత్రం అన్నీ వచ్చినట్టే ఉంటాయి.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. మీ ప్రశ్నకు దానికంటే దగ్గరి సమాధానం లేదు. పిల్లలు వారానికి ఆరు రోజులు, రోజూ 90 నిమిషాలు వచ్చేవారు: 45 నిమిషాలు కంప్యూటర్, 45 నిమిషాలు చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర చదువు. సాఫ్ట్‌వేర్ ఏ పిల్లవాడికి ఏ స్థాయి ఉందో అక్కడి నుంచే ప్రశ్నలు ఇచ్చేది. నాలుగున్నర నెలల్లో లెక్కలూ హిందీ రెండూ బాగా మెరుగుపడ్డాయని విడిగా పెట్టిన పరీక్షల్లో తేలింది. బడి పరీక్షల్లో మాత్రం హిందీ మార్కులు పెరిగాయి, లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వెనకబడిన పిల్లవాడు కింది తరగతుల మెట్లు ఎక్కుతున్నంత కాలం తన తరగతి పేపర్లో ఆ ఎదుగుదల కనబడదు మరి. అందుకే మొదటి రెండు మూడు నెలలు చాచణి మార్కులు చూసి వాణ్ణి తిట్టొద్దు. ఆ పది లెక్కల్లాంటివే అంకెలు మార్చి నెలకోసారి పెట్టండి, ఎదుగుదల అందులో కనబడుతుంది.

రెండో కారణం భాష. తెలుగులో అర్థం చేసుకోవడం మంచిదే, వద్దని ఎవరన్నా వినొద్దు. కానీ పేపరు మరాఠీలో వస్తుంది, జవాబు మరాఠీలో రాయాలి. ఒక 100 పేజీల నోటుబుక్కులో మూడు గళ్లు గీయించండి: తెలుగు మాట, మరాఠీ మాట, ఒక చిన్న బొమ్మ లేదా ఉదాహరణ. లవం – అంశ, హారం – ఛేద, భిన్నం – అపూర్ణాంక, వ్యాసార్థం – త్రిజ్యా, జ్యా – జీవా, ప్రధాన సంఖ్య – మూళ సంఖ్యా. రేఖాగణితంలో దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అని తెలుగులో విన్నవాడు పేపర్లో పక్ష, సాధ్య, సిద్ధతా అని విడివిడిగా రాయాలి. ఆ వరస తప్పితే తెలిసిన సిద్ధాంతానికి కూడా మార్కులు పోతాయి. వీడియో అయ్యాక అదే లెక్క మరాఠీ పుస్తకంలో వెతికి, మాటలతో సహా ఒకసారి రాయించడం తప్పనిసరి.

మూడోది సిలబస్. టీ-శాట్ (తెలంగాణ ప్రభుత్వ చదువుల ఛానల్) లాంటి వాటి పాఠాలు తెలంగాణ పుస్తకం ప్రకారం చెప్పేవి. మహారాష్ట్ర బడుల్లో వాడే బాలభారతి పుస్తకంతో చాలావరకు కలుస్తాయి, అన్నీ కలవవు. సమితులు ఇక్కడ మహారాష్ట్రలో తొమ్మిదిలో ఉంటే అక్కడ తెలంగాణలో పదిలో ఉన్నాయి. అర్థనియోజన (డబ్బు ప్రణాళిక) అధ్యాయం ఇక్కడిదే: తొమ్మిదిలో ఆదాయపు పన్ను, పదిలో జీఎస్టీ, షేర్లు వస్తాయి. దహావీలో (పదో తరగతి) రెండు చలరాశుల సమీకరణాలను నిర్ధారకాలతో సాధించే క్రామర్ పద్ధతి అడుగుతారు, తెలుగు పాఠంలో దొరకదు. అవి మరాఠీలోనే చూడాలి. పుస్తకాలు మారిన ఏడాది ఈ తేడాలు మళ్ళీ సరిచూసుకోండి.

మరాఠీ పాఠాలకు దీక్షా అనే ప్రభుత్వ చదువుల యాప్ చాలు. బోర్డు దగ్గర మహారాష్ట్ర, మాధ్యమం మరాఠీ, తరగతి 9 అని ఎంచుకోండి. పుస్తకంలో అధ్యాయం దగ్గరున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. కెమెరా పట్టకపోతే దాని కింద ఉన్న 6 అక్షరాల కోడ్ టైపు చేసినా అదే పాఠం తెరుచుకుంటుంది. సిగ్నల్ ఉన్న చోట డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఇంటి దగ్గర నెట్ లేకున్నా నడుస్తుంది. వానాకాలంలో కరెంటు పోయి టవరూ పోయే ఊళ్లకు ఇది తప్పదు. యూట్యూబ్ అయితే వీడియో నాణ్యత 360పీ పెట్టండి, బోర్డు మీది రాత చదవడానికి అది చాలు, డేటా బాగా మిగులుతుంది.

ఇక రోజువారీ పద్ధతి. రెండు గంటలు వద్దు, గంట చాలు. 10 నిమిషాల వీడియో చూడాలి, సారు లెక్క బోర్డు మీద వేయగానే ఆపాలి. జవాబు చూడకముందే కాగితం మీద చేయాలి, తర్వాత నడిపించి సరిచూసుకోవాలి. ఆపకుండా చూసిన పాఠాన్ని చదువు కింద లెక్కేయకండి. తర్వాత 35 నిమిషాలు ఫోన్ మీ చేతిలో ఉంచుకుని పుస్తకంలోని 5 లెక్కలు చేయించండి. మిగతా సమయం మరాఠీలో రాయడానికి. ఆదివారం ఆ వారం లెక్కల్లోంచి 10 తీసి మళ్ళీ ఇవ్వండి. నాలుగు తప్పితే కొత్త పాఠం ఆపి పాతదే చేయించాలి.

మీకు లెక్కలు రాకున్నా పర్లేదు. పక్కన కూర్చుని "ఇది ఎందుకు చేశావు?" అని అడగండి, చెప్పలేని చోట పెన్సిలుతో గుర్తు పెట్టి మర్నాడు బడిలో సారుకు చూపించమనండి. ఒక్కటి గుర్తుంచుకోండి, మధ్యలో ఆపేస్తే వచ్చింది నిలవదు. వడోదరలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి 2 గంటలు కంప్యూటర్‌లో లెక్కల ఆటలు ఆడిస్తే ఫలితం బాగా వచ్చింది. కార్యక్రమం ఆగిన ఏడాదికే అందులో చాలా భాగం కరిగిపోయింది. కాబట్టి సెలవుల్లో కూడా వారానికి మూడు రోజులైనా నడవనివ్వండి.

ఆ పది లెక్కలు చేయించాక ఏవి తప్పాయో, ఏం రాశాడో ఇక్కడే రాయండి. ఏ తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టాలో చెప్తాను.